బెల్లు కొడితే ఎవరొస్తారు

లిఫ్టు మెకానిక్‌కి ఏ భవనం గురించైనా ఒక అభిప్రాయానికి రావడానికి ఒక్క వేలు చాలు. లిఫ్టు ఎక్కగానే వెళ్లాల్సిన అంతస్తు కంటే ముందు ఎర్ర బటను నొక్కుతాడు. అలారం బెల్లు గణగణమంటుంది. ఆయన చేతులు కట్టుకుని, చెవులు రిక్కించి, ఎవరైనా వస్తారా అని చూస్తాడు. వస్తే మంచి భవనం. రాకపోతే అక్కడి పాలరాయి, నిలువెత్తు అద్దాలు, కుండీల్లో మొక్కలు అన్నీ ఆయన లెక్కలో దండగ.

ఈ అలవాటు ఉద్యోగం పెట్టింది. లిఫ్టు బాగుచేశాక బెల్లు కొట్టి చూడాలనేది కంపెనీ నియమం. బెల్లు మోగిందా లేదా అన్నది మాత్రమే కంపెనీకి కావాలి. ఎవరొచ్చారన్నది ఈయన సొంతంగా తగిలించుకున్న పని. దాంతో ఇద్దరు డాక్టర్లని, ఒక బ్యాంకుని, తన సొంత అక్కగారు ఎంతో ముచ్చటపడి కొనుక్కున్న ఫ్లాటుని కూడా ఫెయిల్ చేశాడు. అక్కగారు ఇప్పటికీ ఆ మాట మర్చిపోలేదు.

భార్య కూడా ఆ పరీక్షలోనే దొరికింది. పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయి బెల్లు మీద నుంచి వేలు తీయకుండా కొడుతూనే ఉంది. ఈయన వెళ్లి తలుపు తట్టగానే లోపలినుంచి మొదటి మాట, "ఇప్పుడా వచ్చేది?" అని. తలుపు తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో అంతసేపూ ఆవిడ తిట్టింది, ఈయన వింటూ పనిచేశాడు. తలుపు తెరుచుకున్నాక చూస్తే మనిషి బాగుంది. ఆ తర్వాత ఆ లిఫ్టుకి అవసరం లేకపోయినా వారానికోసారి సర్వీసింగ్ జరిగింది.

అలాంటి ఇద్దరికీ పుట్టిన కూతురు బెల్లు కొట్టని పిల్ల.

ఆ పిల్లకి పదకొండేళ్లప్పుడు తాము ఉండే భవనంలోనే, తండ్రి చేతులమీదుగా నడిచే లిఫ్టులోనే ఇరుక్కుంది. ఆ సమయానికి తండ్రి నాలుగో అంతస్తులో అన్నం తింటూ, పిల్ల ఇంకా రాలేదేమని గుమ్మం వైపు చూస్తున్నాడు. వెతకడానికి బయల్దేరి లిఫ్టు పిలిస్తే రాలేదు. తలుపులు విడదీసి చూస్తే పిల్ల నేలమీద బాసింపట్టు వేసుకుని, తండ్రి బిగించిన చిన్న లైటు కింద లైబ్రరీ పుస్తకం చదువుకుంటోంది. సగం పుస్తకం అయిపోయింది.

"బెల్లు ఎందుకు కొట్టలేదే?" అని అరిచాడు.

"కొడితే అందరూ వస్తారు కదా నాన్నా."

"రావడానికే కదా బెల్లు."

"వచ్చి మాట్లాడతారు," అంది పిల్ల. "నాకేం పర్లేదు. ఇక్కడ బాగానే ఉంది."

ఆరోజు నుంచి ఆ పిల్ల లిఫ్టెక్కడం మానేసింది. భయంవల్ల కాదు. లిఫ్టులో ఎవరో ఒకరు తగులుతారు, తగిలినవాళ్లు ఏ క్లాసమ్మా అని అడుగుతారు. మెట్ల మీద ఎవరూ ఉండరు. లిఫ్టు మెకానిక్ కూతురు మెట్లెక్కి ఇంటికెళ్తుంటే భవనంలోని వాళ్లు లిఫ్టు మీద అనుమానపడటం మొదలుపెట్టారు. ఆ పిల్లకి 'ఉందాలేదా' అని పేరు కూడా పెట్టారు. ఇంటికొచ్చినవాళ్లెవరైనా "మీ అమ్మాయి ఉందా లేదా?" అని అడిగేవాళ్లు. పిల్ల మాత్రం పక్కగదిలోనే ఉండేది, సీసా మూతల్లో నాచు పెంచుకుంటూ.

నాచంటే గోడల మీద పచ్చగా మొలిచేదే. తండ్రికి మేడల మీద లిఫ్టు గదుల్లో పని. ఆ గదుల గోడల వెంబడి, నీళ్ల ట్యాంకు కారే చోట, నాచు దండిగా దొరుకుతుంది. జేబులో ప్లాస్టిక్ సంచి పెట్టుకుని వెళ్లి, గీకి తెచ్చి ఇచ్చేవాడు. వేరే ఆడపిల్లల తండ్రులు గాజులు తెస్తారు, ఈయన పాచి తెస్తాడు అని భార్య అనేది. పిల్ల ఆ సంచి విప్పి, భూతద్దం కింద పెట్టి, నోరు విప్పేది. నోరు విప్పడమంటే మామూలుగా కాదు. వీటికి వేళ్లుండవు తెలుసా నాన్నా, ఎండి పొడుమైనట్టుంటాయి కానీ చావవు, నీటిచుక్క పడితే మళ్లీ లేస్తాయి, అంటూ అన్నం చల్లారేదాకా చెప్పేది. తర్వాత మళ్లీ నాలుగు రోజులు 'ఊ', 'ఉహూ', 'పర్లేదు'.

అలాంటి పిల్ల ఇంటరు పాసై కాలేజీ ఈడుకొచ్చింది. వృక్షశాస్త్రం చదువుతానంది. ఊరి చివర పెద్ద కాలేజీలో, ఊరి నడుమ చిన్న కాలేజీలో, రెండు చోట్లా సీటొచ్చింది. ఏదో ఒకటి శుక్రవారం పొద్దున్నకల్లా ఫోన్ చేసి చెప్పాలి. చెప్పకపోతే రెండూ పోతాయి.

సోమవారం రాత్రి భోజనాల దగ్గర సభ జరిగింది. పరుపుల దుకాణం నడిపే బావమరిది కూడా వచ్చాడు. పిలవకుండానే వచ్చాడు, అది ఆయన పద్ధతి.

"బావా, కాలేజీ అంటే పరుపు లాంటిది," అన్నాడు ఆయన. "నెత్తిమీద మోసుకుపోయి ఇంట్లో వేసుకున్నాక నడుం పట్టేసిందంటే ఎవడూ వెనక్కి తీసుకోడు."

"అయితే ఏది తీసుకోవాలంటావు?"

"పెద్దదే. దాని బోర్డు మా దుకాణం ఎదురుగానే ఉంది. రాత్రిళ్లు లైట్లు కూడా వెలుగుతాయి."

"నువ్వమ్మే పరుపులకీ బోర్డుంది కదరా," అంది మెకానిక్ భార్య, తమ్ముడితో. "కొన్నవాళ్లంతా నడుం పట్టుకుని నీ దగ్గరికే వస్తున్నారు."

"అక్కా, నేను బంధువుని. ఇక్కడ దుకాణదారుణ్ని కాదు. గౌరవం ఇవ్వు."

ఆవిడకి కాలేజీ విషయంలో ఒకటే పట్టింపు. ఊరి చివరికి రోజూ తిరగడం కుదరదు కాబట్టి పెద్ద కాలేజీ అయితే హాస్టలే, ఆ హాస్టల్లో బాత్రూం తలుపులకి గడియలు సరిగ్గా పడాలి. తను చదివిన చోట గడియ లేక మూడేళ్లు పాటలు పాడుతూ స్నానం చేసింది, లోపల మనిషుందని తెలియడానికి. కూతురు పాడే రకం కాదు.

"నీ సంగతేంటి తల్లీ?" అని తండ్రి కూతుర్ని అడిగాడు. "నీకేది కావాలి?"

"ఏదైనా పర్లేదు," అంది కూతురు.

మరునాడు పెద్ద కాలేజీ చూడటానికి బావమరిది పరుపుల వ్యానులో బయల్దేరారు. పెద్దవాళ్లు ముగ్గురూ ముందు ఇరుక్కున్నారు. పిల్ల వెనకాల డెలివరీకి పోతున్న రెండు పరుపుల మధ్య దర్జాగా పడుకుంది.

పెద్ద కాలేజీ తొమ్మిదంతస్తుల గాజు మేడ. గుమ్మంలో మెళ్లో బిళ్ల వేసుకున్న ఒకావిడ నవ్వుతూ ఎదురొచ్చింది. ఆ నవ్వు వాళ్లు వెళ్లేదాకా అలాగే ఉంది. బావమరిది అక్కడికక్కడే ఆవిడకి నవ్వు మేడమ్ అని పేరు పెట్టాడు.

"మా దగ్గర ఏం కావాలన్నా యాప్‌లోనే సార్," అంది నవ్వు మేడమ్. "హాజరు, మార్కులు, ఫిర్యాదులు, భోజనం, అన్నీ."

"లిఫ్టు ఎటు మేడమ్?" అన్నాడు మెకానిక్.

నాలుగు లిఫ్టులున్నాయి వరసగా. ఆయన కళ్లు మెరిశాయి. తలుపు మూసుకున్న చప్పుడు లేదు, బయల్దేరిన కుదుపు లేదు. చేతివేళ్లతో గోడని నిమిరాడు, దూడని నిమిరినట్టు. తర్వాత ఎర్ర బటను నొక్కాడు.

బెల్లు మోగలేదు. దానికి బదులు లిఫ్టు కప్పులోంచి తియ్యటి గొంతొకటి, 'మీ క్షేమమే మా ధ్యేయం, దయచేసి వేచి ఉండండి' అంది. వెంటనే సంగీతం మొదలైంది. లోపలున్న కుర్రాడొకడు చెవిలోంచి ఒక ఇయర్‌ఫోన్ తీసి, చుట్టూ చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. తొమ్మిదో అంతస్తు వచ్చింది. సంగీతం ఆగలేదు. మెకానిక్ దిగకుండా మళ్లీ కిందికీ, మళ్లీ పైకీ తీసుకెళ్లాడు. నవ్వు మేడమ్ కూడా పాపం తోడు తిరిగింది.

"ఎవరూ రాలేదు మేడమ్," అన్నాడు చివరికి.

"మనం ఇరుక్కోలేదు కదా సార్."

"అది వాళ్లకి తెలీదు కదా."

నవ్వు అలాగే ఉంది కానీ, దాని వెనకాల మనిషి లేచి వెళ్లిపోయినట్టు అనిపించింది.

పిల్ల మామూలుగానే మెట్లెక్కింది. తొమ్మిదంతస్తులు. వీళ్లు పైకి చేరేసరికి ఎక్కడా కనబడలేదు. వృక్షశాస్త్రం గదులన్నీ వెతికితే ఆఖరి గదిలో దొరికింది. పొడుగాటి బల్ల, దాని మీద వరసగా సూక్ష్మదర్శినులు, మనిషికొకటి. గోడ పొడుగునా అరలు, వాటినిండా కాగితాల్లో మడిచి దాచిన ఎండు నాచు. నలుగురైదుగురు ఎవరి పనిలో వాళ్లు మునిగి ఉన్నారు. వాళ్ల మధ్య, అక్కడే పుట్టిపెరిగినట్టు, ఈ పిల్ల ఒక సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి కూర్చుంది. పక్కన నెరిసిన జుట్టావిడ తన పని ఆపకుండానే ఇంకో గాజుపలక ఇటు జరిపింది. పిల్ల అందుకుంది.

వ్యాను దగ్గరికి నడుస్తూ తల్లి అడిగింది, "ఆవిడెవరే?"

"తెలీదు."

"నువ్వెవరని అడగలేదా?"

"అడగలేదమ్మా," అంది పిల్ల, బహుమతి వచ్చినంత సంతోషంగా.

తిరిగొస్తూ పరుపుల మధ్యనుంచి మాటలు ఆగలేదు. ఆకు మందం ఒక్క కణమేనట, వెలుతురు ఇటునుంచి అటు దూరిపోతుందట, ఆ అరల్లో వందేళ్లనాటి నాచు ఉందట. తల్లి వెనక్కి తిరిగి తిరిగి మెడ పట్టేయించుకుంది. తండ్రి వినలేదు. ఆయన ఆ తియ్యటి గొంతు మీద ఎవరికి ఫిర్యాదు చేయాలా అని ఆలోచిస్తున్నాడు. ఫిర్యాదు కూడా యాప్‌లోనే అని గుర్తొచ్చి ఇంకా మండింది.

బుధవారం చిన్న కాలేజీ. మూడంతస్తుల పాత కట్టడం, మెట్ల పక్కన ఒక ముసలి లిఫ్టు, చేత్తో లాగి మూసే ఇనుప జల్లెడ తలుపు. దాన్ని చూడగానే మెకానిక్ మొహం చిట్లించాడు. ఎక్కాడు, మూలిగింది. బెల్లు నొక్కాడు.

ఫైరింజను వచ్చినంత మోత.

ముందు వాచ్‌మన్ ఇనుప కడ్డీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వెనకాలే లైబ్రేరియన్, చేతిలో తేదీల ముద్రతో సహా. ఒక క్లాసు మొత్తం బయటికొచ్చింది, దాన్ని చూసి ఇంకో క్లాసు. ఆఖరికి చేతులనిండా సుద్దపొడితో ప్రిన్సిపాల్.

"ఎవరు ఇరుక్కుంది? ఊపిరాడుతోందా?"

"ఎవరూ ఇరుక్కోలేదండీ," అన్నాడు మెకానిక్ లోపలినుంచి. "ఊరికే కొట్టాను."

ప్రిన్సిపాల్ తిట్టాడు. ఏ వయసొచ్చిందని, ఏం చదువుకున్నారని, ఇంట్లో కూడా ఇంతేనా అని, పిల్లలందరి ముందు తలవాచేలా చీవాట్లు పెట్టాడు. మెకానిక్ జల్లెడ తలుపు పట్టుకుని, మొహం వెలిగిపోతుంటే, మొత్తం విన్నాడు. పెళ్లికి ముందు ఆ లిఫ్టు తలుపు దగ్గర తిన్నాక, ఇలాంటి తిట్లు ఆయనకి మళ్లీ ఇప్పుడే తగిలాయి.

తర్వాత ఆదరణ మొదలైంది. కుర్చీలొచ్చాయి, టీలొచ్చాయి, ప్రశ్నలొచ్చాయి.

"అమ్మాయి పాడుతుందా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"లేదండీ," అంది తల్లి.

"ఆడుతుందా? నాటకాల్లో వేస్తుందా?"

"లేదండీ."

"మాట్లాడుతుందా?"

"దానికి బుద్ధిపుట్టినప్పుడు."

"ఇక్కడ మూడు నెలలుంటే రేడియో అయిపోతుంది," అని హామీ ఇచ్చాడు ప్రిన్సిపాల్. పిల్లని క్లాసులోకి తీసుకెళ్లి వేదికెక్కించి, పరిచయం చేసుకోమన్నాడు. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. ఏం ఇష్టమని అడిగితే నాచు అంది. టీలు చల్లారేలోపు కాలేజీ అంతా ఆ పిల్లని 'నాచు' అని పిలవడం మొదలుపెట్టింది. ప్రేమగానే.

"సూక్ష్మదర్శినులు ఎక్కడుంటాయండీ?" అని పిల్ల తనంతట తను అడిగిన మాట అదొక్కటే.

"ఒకటుందమ్మా. బీరువాలో భద్రంగా పెట్టాం, తాళం నా దగ్గరే. చూడాలనిపిస్తే నాకు చెప్పు, అందర్నీ పిలిచి కలిసి చూద్దాం."

తిరుగు ప్రయాణంలో పరుపుల మధ్యనుంచి చప్పుడు లేదు. పిల్లకి తృప్తిగా ఉందనుకున్నాడు తండ్రి. నిశ్శబ్దానికి ఇంకో అర్థం ఉండొచ్చని, లిఫ్టుల విషయంలో తప్ప, ఆయనకి తోచలేదు.

ఆ రాత్రి కంచాల ముందు తీర్పు చెప్పేశాడు. "చిన్న కాలేజీ. ఇంక మాట లేదు."

"ఎందుకో చెప్పండి," అంది భార్య.

"బెల్లు కొడితే ఊరంతా వచ్చింది. అది కాలేజీ. అక్కడ మనిషి పోయినా సంగీతం వేసి కూర్చుంటారు."

"మీరు చూసింది కాలేజీనా, లిఫ్టా?"

"రెండూ ఒకటే."

"అయితే మిమ్మల్నే అక్కడ చేర్పించి వద్దాం. మీకు వాళ్లు బాగా నచ్చారు, మీరు వాళ్లకి నచ్చారు. మూడు నెలల్లో రేడియో అయి ఇంటికొస్తారు."

బావమరిది అన్నం పొలమారేలా నవ్వాడు. మెకానిక్ నవ్వలేదు.

"నువ్వు నవ్వుతావు," అన్నాడు మెల్లగా. "ఇది ఇరుక్కుంటే నోరు తెరవదు. పదకొండేళ్లప్పుడు చూశాం. అది లిఫ్టు కాబట్టి తలుపు తీశాను. రేపు చదువులో ఇరుక్కుంటుంది, జ్వరంలో ఇరుక్కుంటుంది, దిగుల్లో ఇరుక్కుంటుంది. ఆ గాజుమేడలో పుస్తకం పట్టుకుని పర్లేదు పర్లేదు అనుకుంటూ కూర్చుంటే, ఎవడు చూస్తాడు?"

భార్యకీ ఆ భయం లేకపోలేదు. కాకపోతే ఆవిడ దాన్ని బాత్రూం గడియల్లో దాచుకుంది.

"నువ్వు చెప్పవే," అంది కూతురితో. "నీకేది ఇష్టం?"

"ఏదైనా పర్లేదు," అంది కూతురు, కంచం తీసుకుని లేస్తూ.

"చూశావా?" అన్నాడు తండ్రి. "పర్లేదంది."

"ఆరోజు లిఫ్టులోంచి తీసినప్పుడు కూడా అదే మాట అంది," అంది భార్య. "అప్పుడు నమ్మారా మీరు?"

శుక్రవారం పొద్దున్నే చిన్న కాలేజీకి ఫోన్ చేసేస్తానని చెప్పి ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు.

గురువారం సాయంత్రం పని నుంచి వచ్చి, గ్రీజు వదిలించుకోవడానికి మోచేతులదాకా సబ్బు రాసుకున్నాడు. అప్పుడు బెల్లు మోగింది.

ఊళ్లో ఎన్ని లిఫ్టులున్నాయో అన్ని బెల్లుల గొంతులూ ఆయనకి తెలుసు. ఇది సొంత భవనానిది. తనే బిగించింది, తనే శ్రుతి చేసింది. ఒకసారి మోగి ఆగేది కాదు, ఎవరో వేలు పెట్టి తీయడం లేదు. సబ్బు చేతులతోనే మెట్ల మీద పడ్డాడు. మూడో అంతస్తులో రిటైరైన లెక్కల మాస్టారు కళ్లజోడు వెతుక్కుంటూ తోడయ్యాడు. రెండో అంతస్తులో టైలరమ్మ మెళ్లో కొలతల టేపుతో తోడైంది. కింద బావమరిది, ఎవరికో తలగడ ఇవ్వడానికొచ్చి, దాన్ని గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. భార్య వెనకాల తాపీగా దిగుతోంది. ఆ తాపీ ఏమిటో ఆయనకి తర్వాత అర్థమైంది.

లిఫ్టు కింది అంతస్తులోనే ఉంది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల కూతురు నిలబడి ఉంది, ఎర్ర బటను మీద వేలుతో.

"ఏమైందమ్మా, ఇరుక్కున్నావా?" అంది టైలరమ్మ.

"ఇరుక్కోబోతున్నాను పిన్నీ," అంది పిల్ల.

"ముందు ఆ వేలు తియ్యమ్మా," అన్నాడు లెక్కల మాస్టారు. "నాకున్నదే ఒక చెవి."

పిల్ల వేలు తీసింది. ఉన్నట్టుండి ఎంత నిశ్శబ్దం వచ్చిందంటే తండ్రి మోచేతి నుంచి సబ్బు నురుగు నేలమీద పడటం కూడా వినబడింది.

"నాన్నా," అంది పిల్ల. చెవులు ఎర్రగా ఉన్నాయి, కానీ చూపు తిప్పుకోలేదు. "నేను పెద్ద కాలేజీకి వెళ్తాను."

"ఇది చెప్పడానికా బెల్లు కొట్టావు?"

"నోటితో చెప్తే నీకు వినబడటంలేదు."

బావమరిది తలగడలో మొహం పెట్టుకున్నాడు.

"అక్కడ బెల్లు కొడితే ఎవరూ రారే," అన్నాడు తండ్రి.

"అందుకే నాన్నా. అక్కడ నన్నెవరూ పాడతావా అని అడగరు. గాజుపలక ఇటు జరుపుతారు, అంతే. నాకు అంతే కావాలి. చిన్న కాలేజీ వాళ్లు మంచివాళ్లు. నేను రోజూ వాళ్లకి జవాబులు చెప్పి చెప్పి, ఇంక నాచు చూసే ఓపిక మిగలదు."

"మరి నిజంగా ఇరుక్కుంటే?"

"కొడతాను. ఎవరైనా వచ్చేదాకా కొడతాను. ఇప్పుడు కొట్టలేదా?"

తండ్రి చుట్టూ చూశాడు. మూడంతస్తుల జనం అప్పటికే రెండు పార్టీలై వాదించుకుంటున్నారు. పెద్ద కాలేజీలో మా తోడికోడలు కొడుకు చదివి పాడైపోయాడు అంటోంది టైలరమ్మ. పాడవడానికి కాలేజీ ఎందుకు, ఇంట్లో కూడా కుదురుతుంది అంటున్నాడు మాస్టారు. వృక్షశాస్త్రం చదివితే ఉద్యోగం ఏమొస్తుందని వెనకనుంచి ఎవరో అడిగారు. ఎవరొస్తారని, వచ్చి ఏం మాట్లాడతారని ఈ పిల్ల ఇన్నేళ్లూ మెట్లెక్కిందో, వాళ్లంతా సరిగ్గా అవే మాట్లాడుతున్నారు. అయినా పిల్ల కదల్లేదు. తలుపు తెరిచే ఉంది, మెట్లు పక్కనే ఉన్నాయి.

"ఇంతమంది వస్తారని నీకు తెలుసుగా?" అన్నాడు తండ్రి, గొంతు తగ్గించి.

"తెలుసు," అంది పిల్ల. "బెల్లు నువ్వు బిగించిందే కదా."

ఆయన సబ్బు చేత్తో మొహం తుడుచుకున్నాడు. కళ్లు మండాయి. సబ్బు వల్లే అని అందరికీ చెప్పాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "నువ్వు నేర్పావా?"

"నేనేం నేర్పలేదు," అంది ఆవిడ. "మీ నాన్నకి ఏ భాష వచ్చో నీకు తెలీదా అన్నాను, అంతే."

శుక్రవారం పొద్దున్న ఆయన రెండు ఫోన్లు చేశాడు. పెద్ద కాలేజీకి వస్తున్నామని చెప్పాడు. చిన్న కాలేజీకి రావడంలేదని చెప్పి, ప్రిన్సిపాల్‌తో మళ్లీ కాసేపు తిట్టించుకుని, ఆ ముసలి లిఫ్టుని ఆదివారం వచ్చి బాగుచేసి పెడతానని ఒప్పుకున్నాడు.

హాస్టల్లో దింపిన రోజు తల్లి బాత్రూం గడియలన్నీ ఒక్కొక్కటే వేసి తీసి చూసింది. అన్నీ పడ్డాయి. ఆవిడ పని అయిపోయింది. తండ్రి మాత్రం నవ్వు మేడమ్ అటు తిరిగిన సమయం చూసి, నాలుగు లిఫ్టుల్లోనూ ఎర్ర బటను కింద తన ఫోను నంబరున్న స్టిక్కర్లు అంటించాడు. వేరే కంపెనీ లిఫ్టులవి. పట్టుబడితే ఉద్యోగానికే ముప్పు. కూతురికి ఒక్క ముక్క చెప్పలేదు.

ఇప్పుడు ఎప్పుడు పడితే అప్పుడు ఎవరెవరో పిల్లలు ఫోన్ చేస్తారు. 'అంకుల్, ఐదో అంతస్తు దగ్గర ఆగిపోయింది, సంగీతం వస్తోంది' అంటారు. ఈయన కూర్చోమంటాడు, గాలి ఆడుతుందని చెప్తాడు, తలుపు చేత్తో లాగొద్దంటాడు. ఆ కంపెనీలో తెలిసిన మెకానిక్‌కి ఫోన్ కొట్టి పంపిస్తాడు. కూతురి దగ్గర్నుంచి మాత్రం అలాంటి ఫోన్ ఎప్పుడూ రాలేదు. ఎలా వస్తుంది, ఆ పిల్ల తొమ్మిదంతస్తులూ మెట్లే ఎక్కుతోంది.

ఈమధ్య ఒక మధ్యాహ్నం ఏదో మేడ మీద ఉండగా ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఇరుక్కుపోయాడట. గొంతులో కంగారు.

"భయపడకు నాన్నా. ఒక్కడివేనా?" అన్నాడు మెకానిక్.

"లోపల ఒక్కణ్నే అంకుల్. బయట ఒకమ్మాయి ఉంది. మెట్లెక్కుతూ నేను తలుపు కొట్టడం విని ఆగింది. మీ మనిషి వచ్చేదాకా కదలనంటోంది. తలుపు దగ్గర కూర్చుని మాట్లాడుతోంది."

మెకానిక్ స్పానరు కింద పెట్టాడు. "ఏం మాట్లాడుతోంది?"

ఫోన్లో దూరంగా, తలుపు అవతలినుంచి, ఒక గొంతు వినబడింది. వేళ్లుండవు తెలుసా, ఎండి పొడుమైనట్టుంటాయి కానీ చావవు, అంటోంది. ఆపేలా లేదు.

"అంకుల్," అన్నాడు కుర్రాడు దీనంగా. "మీ మనిషిని కొంచెం తొందరగా పంపరా? నాచు గురించి చెబుతోంది."

"దారిలో ఉన్నాడు," అన్నాడు మెకానిక్. "నువ్వు విను."

అన్నాడే గానీ, ఆ కంపెనీ మెకానిక్‌కి ఇంకా ఫోన్ చేయలేదు. కాస్త ఆగి చేద్దాంలే అనుకున్నాడు. గోడ వైపు తిరిగి, జేబులోంచి ప్లాస్టిక్ సంచి తీశాడు.